వాగడూగూలో సినిమాల వారం: ఎక్కడ దిగాలి, ఎక్కడ చూడాలి, ఎక్కడ డబ్బు దండగ

ఆఫ్రికా ట్రిప్ అంటే మనవాళ్ళకి మసాయి మారా, జీపు, సింహం, అంతే. బుర్కినా ఫాసో వెళ్తున్నా, అదీ సినిమాలు చూడ్డానికి అంటే నవ్వినవాళ్ళే ఎక్కువ. కానీ ఆ దేశ రాజధాని వాగడూగూలో 1969 నుంచి ఫెస్పాకో అని ఆఫ్రికా సినిమాల పండగ జరుగుతోంది, ఇప్పుడైతే రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరాల్లో, ఫిబ్రవరి ఆఖర్లో మొదలై మార్చి మొదట్లో అయిపోతుంది. నేను చూసింది 2025ది.

ఈ పిచ్చి నాకు ఇంగ్లీషు డైరెక్టర్ పీటర్ బ్రూక్ తీసిన మహాభారతం చూసినప్పుడు పట్టుకుంది. అందులో భీష్ముడిగా వేసిన సొతిగి కుయాటే, బక్కపల్చగా, పొడుగ్గా, పెద్దగా గొంతు లేపకుండానే సీను మొత్తం లాగేసుకుంటాడు, ఎవర్రా ఈయన అని వెతికితే బుర్కినా ఫాసో నటుడు, గ్రియోల వంశం అని తెలిసింది. రాజుల వంశావళులు, వీరగాథలు తరతరాలుగా నోటితోనే కాపాడుకుంటూ వచ్చిన ఇళ్ళవాళ్ళు గ్రియోలు. కొడుకు డానీ కుయాటే డైరెక్టరు. 1995లో కెయితా అని ఒక సినిమా తీశాడు, సిటీలో బడికెళ్ళే పిల్లాడి ఇంటికి ఊరి నుంచి ఒక ముసలి గ్రియో దిగి, నీ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తా అని మాలి రాజు సుంజాటా కథ ఎత్తుకుంటాడు, పిల్లాడు ఆ కథలో పడి బడి ఎగ్గొడతాడు, ఇక టీచరు గొడవ, తల్లి గొడవ. ఆ గ్రియో వేషం వేసింది సొతిగే. అది చూశాక ఈ ఊరు వెళ్ళకుండా ఉండలేకపోయా.

ముందు అసలు విషయం చెప్పేస్తా. ఆ దేశంలో పరిస్థితి బాలేదు. 2015 నుంచి జిహాదీ దాడులు, 2022లో రెండుసార్లు సైనిక తిరుగుబాటు, చాలా దేశాలు తమ జనాన్ని వెళ్ళొద్దనే చెప్తున్నాయి. నేను వాగా (వాగడూగూని అలాగే అంటారు), బోబో డియులాసో అనే ఇంకో ఊరు దాటి ఎక్కడికీ పోలేదు, రాత్రి ప్రయాణం అస్సలు పెట్టుకోలేదు. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ముంబై నుంచి అడ్డిస్ అబాబా, అక్కణ్ణుంచి వాగా. డబ్బు యూరోల్లో పట్టుకెళ్ళండి, మారకం ఎప్పుడూ ఒకటే, యూరోకి 656 సీఫా ఫ్రాంకులు దగ్గర దగ్గర. 2025లో మన వంద రూపాయలకి ఏడొందల పైచిలుకు వచ్చినట్టు.

రూముల సంగతి. ఊరికి దక్షిణాన వాగా 2000 అని ఖరీదైన ఏరియా ఉంది, వెడల్పు రోడ్లు, పెద్ద హోటళ్ళు, మొదట అక్కడే దిగా. ఏసీ బాగుంది, జనరేటర్ ఉంది, కానీ సాయంత్రం ఆరు దాటితే చుట్టుపక్కల తిరిగే మనిషి కనపడడు, ప్రతి షోకి టాక్సీ కావాలి, టాక్సీ డబ్బులు కలిపితే రూము రెంటుకి దగ్గరికొచ్చేస్తోంది. తర్వాత గూన్‌గిన్ వైపు ఒక గెస్ట్‌హౌస్‌కి మారా, రాత్రికి ఇరవై వేల సీఫా, అంటే అప్పటి లెక్కన మూడు వేల రూపాయల లోపే. బక్కెట్ నీళ్ళ స్నానం, కరెంటు పోతే పోయినట్టే, పైగా మొదటి రోజే నేను బుక్ చేసిన రూము ఇంకెవరికో ఇచ్చేశారు, హాల్లో సోఫా మీద ఒక రాత్రి గడిచింది. అయినా మళ్ళీ వెళ్తే అక్కడికే వెళ్తా. ఆ ఇంటావిడని అందరూ తాంతీ అంటారు, మనం ఆంటీ అన్నట్టే అనుకోండి, ఏ సినిమాకి ఏ హాల్లో ఎక్కువ జనం వస్తారో ఆవిడకి నోటికి తెలుసు, ఏ యాప్‌లోనూ దొరకదా సమాచారం.

టాక్సీలు పచ్చరంగు పాత బెంజ్ కార్లు, నలుగురైదుగురు ఎక్కేస్తారు. హర్మట్టాన్ అని సహారా ఎడారి వైపు నుంచి వీచే పొడి గాలికి దుమ్మంతా ఎర్రగా లేచి జుట్టు, ఫోను, కెమెరా అన్నిట్లోకీ దూరుతుంది, మాస్క్ పెట్టుకోండి. ఒకసారి టికెట్ కౌంటర్ దగ్గర నాతో వచ్చిన డ్రైవర్ని, లోపల కూర్చున్న కుర్రాడు పేరు అడిగి, ఓహో నా బానిసవి నువ్వే కదా, మీ తాతని మా తాత వేరుశెనక్కాయలకి కొన్నాడు అన్నాడు. కొట్టుకుంటారేమో అని నేను వెనక్కి జరిగా. డ్రైవరేమో పగలబడి నవ్వి, కుక్క మాంసం తినేవాడివి నువ్వా నాకు చెప్పేది అని తిరిగి అంటించాడు. ఒకడు మోసీ, ఇంకోడు సామో, ఈ రెండు జాతుల మధ్య వేళాకోళం వరస ఉందట, ఎంత తిట్టుకున్నా కోపం తెచ్చుకోకూడదు, చావింట్లో కూడా ఇలాగే ఆడుకుంటారట. ఇది తెలిశాక సినిమాల్లో కూడా జనం ఎక్కడ నవ్వుతున్నారో నాకు కొంచెం అర్థమవడం మొదలైంది.

హాళ్ళ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్తా. వాగా 2000లో కెనాల్ ఒలింపియా అని మల్టీప్లెక్స్ తరహా హాలుంది, తెర, సౌండు, సీట్లు అన్నీ బాగున్నాయి, మన దగ్గర చూసినట్టే చూసి వచ్చేస్తాం. ఊళ్ళో పాత హాలు నీర్‌వాయా వేరు. పెద్ద హాలు, నిండా కాలనీ జనం, చంటిపిల్లలతో సహా. కతంగా అని డానీ కుయాటే కొత్త సినిమా, షేక్‌స్పియర్ మక్బెత్‌ని మోసీల భాష మోరేలోకి తెచ్చి నలుపు తెలుపుల్లో తీశాడు, కొత్తగా సేనాపతి అయినవాడికి జోస్యం చెప్పేవాడు నువ్వే రాజువి అంటాడు, అక్కణ్ణుంచి కథ. పాత్రలు మామూలుగా మాట్లాడవు, మాట మాటకీ సామెత. తెర మీద సామెత సగంలో ఉండగానే నా వెనక వరస మొత్తం మిగతా సగం పూర్తి చేసేసింది, తెర మీద మనిషి నోరు మూసేలోపు హాల్లో నవ్వులు, ఫ్రెంచ్ సబ్‌టైటిల్ ఆ తర్వాత వచ్చింది. అందరూ ఊఁ కొడుతూనే ఉన్నారు సినిమా అంతా. ఆ ఏడాది పెద్ద బహుమతి దానికే వచ్చింది, 1997 తర్వాత సొంత దేశం సినిమాకి రావడం అదే, ఆ రాత్రి బండ్ల హారన్లకి నిద్ర లేదు ఎవరికీ.

ఆ బహుమతి పేరు యెన్నెంగా బంగారు గుర్రం. యెన్నెంగా గుర్రమెక్కి యుద్ధాలు చేసిన రాజకుమారి, తండ్రి పెళ్ళి చేయనన్నాడని గుర్రం మీద పారిపోయి ఏనుగుల్ని వేటాడేవాణ్ణి చేసుకుంది, వాళ్ళ కొడుకు నుంచే మోసీ రాజ్యాలు మొదలయ్యాయని గాథ. సినిమా బహుమతికి కథల్లోంచి గుర్రాన్ని తీసుకొచ్చి పెట్టుకున్నారు, నాకు అది బాగా నచ్చింది. ఆ ఏడాది పండగ మీద ఒక దుఃఖం కూడా ఉంది, జ్యూరీకి అధ్యక్షుడిగా కూర్చోవాల్సిన మాలి డైరెక్టర్ సులేమాన్ సిస్సే మొదలవడానికి మూడు రోజుల ముందు బమాకోలో పోయాడు.

ఆరుబయట షోలు కూడా ఉంటాయి, డబ్బులుండవు, చాప తెచ్చుకుంటే చాలు. ఒక చోట ప్రొజెక్టర్ మధ్యలో ఆగిపోయింది, కదిలింది ఎవరూ లేరు, ఒక పెద్దాయన లేచి మిగతా కథ తనే చెప్పడం మొదలెట్టాడు, తెర మళ్ళీ వెలిగాక చూస్తే ఆయన చెప్పింది వేరే కథ. ఫ్రెంచ్ కొంచెమైనా రాకపోతే కష్టమే, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఏ షోకి ఉన్నాయో ముందే అడగండి.

శుక్రవారం పొద్దున్నే మోసీ రాజు మోగో నాబా ప్యాలెస్ దగ్గరికి తప్పకుండా వెళ్ళండి, ఊరికే చూడొచ్చు, ఫోటోలు మాత్రం తీయనివ్వరు. గుర్రానికి జీను వేసి ఉంటుంది, రాజు ఎర్ర బట్టల్లో బయటికొస్తాడు ప్రయాణానికి, పెద్దలంతా వద్దని ఆపుతారు, లోపలికెళ్ళి తెల్ల బట్టల్లో తిరిగొస్తాడు, గుర్రం జీను తీసేస్తారు. ఎందుకు బయల్దేరాడయ్యా అంటే ఒకరు యుద్ధానికంటారు, ఇంకొకరు పుట్టింటికెళ్ళిపోయిన రాణి కోసం అంటారు.

తిండి మనవాళ్ళకి పర్లేదు. తో అంటే జొన్నపిండి, సజ్జపిండితో చేసే ముద్ద, అచ్చం సంకటే, బెండకాయ జిగురు పులుసుతో పెడతారు. శాకాహారులకి బెంగా ఉంది, బొబ్బర్లు అన్నం నూనె, ఉల్లిపాయ, కారం విడిగా. గోంగూర పూల అడుగున ఉండే ఎర్రటి తొడుగులతో చేసే బిసాప్ అనే పానీయం చల్లగా రోజూ తాగా, పంచదార తగ్గించమని చెప్పాలి లేకపోతే పాకమే. శుద్ధ శాకాహారం అని మాత్రం ఎవరి మాటా నమ్మొద్దు, పులుసులో ఎండుచేప పొడి ఉంటుంది.

బోబో డియులాసోకి పగటి బస్సులో వెళ్ళా, దారంతా చెక్‌పోస్టులు, దిగి పాస్‌పోర్ట్ చూపించాలి. వాగాలో లేని చెట్లూ నీడా అక్కడ ఉన్నాయి. 19వ శతాబ్దం చివర్లో కట్టిన మట్టి మసీదు, గోడల్లోంచి కర్రలు పొడుచుకొచ్చి ఉంటాయి, దాని పక్కన కిబిద్వే అనే పాత పేట. డానీ కుయాటే పుట్టింది ఈ ఊళ్ళోనే. పేటలో గైడ్ లేకుండా తిరగనివ్వరు, రేటు ముందే మాట్లాడుకోండి, లేకపోతే చివర్లో పేచీ. సాయంత్రం ఒక పెరట్లో బలఫోన్ అనే చెక్కపలకల వాయిద్యం వాయిస్తూ కథ చెప్పారు, చెప్పేవాడి పక్కన ఒకడు కూర్చుని ప్రతి వాక్యానికీ నాము, నాము అంటుంటాడు, వాడు అనడం ఆపితే కథ ఆగిపోతుంది. టూరిస్టుల కోసం హోటల్లో పెట్టే షోకి మూడింతలు తీసుకున్నారు, అందులో నాము అనేవాడే లేడు.

2027కి వెళ్దామనుకునేవాళ్ళు ముందు అప్పటి పరిస్థితి ఎలా ఉందో చూసుకోండి, ఊళ్ళో రూము నవంబర్ కల్లా మాట్లాడుకోండి, ముందురోజు ఫోన్ చేసి మళ్ళీ ఖాయం చేయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ కార్డు చేతి సంచీలోనే పెట్టుకోండి, ఇక్కడ ఎయిర్‌పోర్టులో అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో కూర్చోబెడతారు.