ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు: తొమ్మిదేళ్లు వాడాక నా లెక్క

విదేశాల్లో ఉండే మనవాళ్లు, అంటే ఎన్‌ఆర్‌ఐలు, ఇండియాలో పెట్టుకునే రెండు రకాల రూపాయి ఖాతాలివి. ముందే తేల్చేస్తా. ఎన్‌ఆర్‌ఈ ఖాతా నిక్షేపంగా ఉంది. ఎన్‌ఆర్‌ఓ తప్పని తద్దినం. రెండూ నెల్లూరు బ్రాంచిలోవే, వాడకం మాత్రం అమెరికా నుంచి. బ్యాంకు పేరు రాయను, ఎందుకంటే ఈ చిక్కుల్లో చాలావరకు ఏ బ్యాంకులోనైనా ఒకటే.

ఏ డబ్బు యాడికి పోవాలన్నది మొదట తెలుసుకోవాలి. బయటి దేశంలో సంపాదించి పంపింది ఎన్‌ఆర్‌ఈలోకి. ఇక్కడే, ఇండియాలో, పుట్టిన డబ్బు, అంటే అద్దె, కౌలు, డివిడెండు, పాత ఎఫ్‌డీ వడ్డీ, ఎన్‌ఆర్‌ఓలోకి. ఎన్‌ఆర్‌ఈ మీద వచ్చే వడ్డీకి మన దేశంలో పన్ను లేదు, అసలూ వడ్డీ ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీసుకెళ్లొచ్చు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం బ్యాంకే ముందుగా కోసేస్తుంది. బయటికి పంపడానికి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల పరిమితి. అంత డబ్బు మనలో ఎవరికుంది గానీ, అసలు ఇబ్బంది పరిమితితో కాదు, కాగితాలతో. ప్రతిసారీ 15సీఏ అనే పన్ను ఫారం, చాలాసార్లు చార్టర్డ్ అకౌంటెంటు (సీఏ) సంతకంతో 15సీబీ. (2026 ఏప్రిల్ 1 నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి, నేను రాసినవి పాతవే, కాబట్టి పాత పేర్లే పట్టుకుని కూర్చోకుండా మీ సీఏను అడగండి.)

ఎన్‌ఆర్‌ఈ నుంచి ఎన్‌ఆర్‌ఓకి డబ్బు ఒక్క నొక్కుతో పోతుంది. తిరిగి రావాలంటే పైన చెప్పిన కాగితాలన్నీ కావాలి. యాప్‌లో రెండు ఖాతాలూ పక్కపక్కనే కనిపిస్తాయి, చివరి నాలుగు అంకెలు తప్ప తేడా తెలియదు. నేను చూసిన యాప్‌లలో ఈ బదిలీకి ప్రత్యేకమైన హెచ్చరిక ఏదీ రాదు. ఖాతాలకు ‘ఇది పోతే రాదు’ లాంటి మారుపేరు పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. నవ్వులాట కాదు.

ఇక వెళ్లేముందు చేయాల్సినవి. ఉద్యోగం మీద వెళ్తుంటే, ఫెమా (విదేశీ మారక చట్టం) ప్రకారం విమానం ఎక్కిన రోజు నుంచే మీరు ఎన్‌ఆర్‌ఐ. ఉన్న సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చమని అర్జీ పెట్టాలి. "ఏం కాదులే అన్నా, ఎవురు చూస్తారు" అని చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఫెమా ఉల్లంఘనకు జరిమానా మొత్తానికి మూడింతల దాకా ఉండొచ్చు, లెక్క తేలకపోతే 2 లక్షల దాకా. చిన్న ఖాతాల జోలికి వాళ్లు రాకపోవచ్చు. ఇల్లు అమ్మి డబ్బు బయటికి పంపే రోజున మాత్రం పాత స్టేట్‌మెంట్లన్నీ అడుగుతారు, కథ అక్కడ బయటపడుతుంది.

మార్చేటప్పుడు ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి, కస్టమర్ ఐడీ. చదువుకునే రోజుల్లో తీసిన ఖాతాకు ఒక ఐడీ, తర్వాత జీతం ఖాతాకు ఇంకో ఐడీ ఉంటుంది. సేవింగ్స్ ఒక్కటే మారుస్తారు. రెండో ఐడీ కింద ఉన్న ఎఫ్‌డీలు రెసిడెంట్ (దేశంలోనే ఉండేవాళ్ల) ఖాతాలుగానే మిగిలిపోయి, గడువు తీరినప్పుడల్లా వాటంతట అవే రెన్యువల్ అయిపోతుంటాయి. అర్జీలో ప్రతి ఎఫ్‌డీ నంబరూ విడిగా రాసి, ఐడీలు కలిపేయమని కూడా అడగండి. రెండోది పేరు. పాస్‌బుక్కులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. పాన్‌లో ‘శ్రీ’కి రెండు ‘ఇ’లు, ఆధార్‌లో ఒక్క ‘ఐ’. మన వైపు శ్రీనివాసులు, శ్రీహరి, శ్రీదేవి అందరికీ ఉండే తంటాయే ఇది. పాస్‌పోర్టు స్పెల్లింగును ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేయించుకోవాలి, అదీ ఊళ్లో ఉండగానే. తర్వాతైతే ప్రతి కాగితానికీ కాన్సులేట్ ముద్రో, నోటరీ ముద్రో కావాలి. పద్దెనిమిదేళ్లప్పుడు తెలుగులో పెట్టిన సంతకం బ్యాంకు దగ్గరుండి, ఇప్పుడు ఇంగ్లీషులో పెడుతుంటే ఆ సంతకం కూడా మార్పించేయండి.

ఎన్‌ఆర్‌ఓ మీద కోసే పన్ను గురించి చాలామంది భయపడి వదిలేస్తారు. వదిలేయకూడదు. 10 లక్షల ఎఫ్‌డీకి 7 శాతం లెక్కన ఏడాదికి 70,000 వడ్డీ. కోత 21,840. ఇండియాలో మీకు అంతకుమించి ఆదాయం లేకపోతే ఆ 21,840 మొత్తం మీదే. 2025-26 నుంచి కొత్త పన్ను పద్ధతిలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఐటీఆర్-2 రిటర్ను వేస్తే తిరిగొస్తుంది (ఐటీఆర్-1 ఎన్‌ఆర్‌ఐలు వేయకూడదు). 15జీ ఇచ్చి కోత తప్పించుకుందామంటే ఆ ఫారం రెసిడెంట్లకే. 12 లక్షల దాకా పన్ను లేదని ఊరంతా చెప్పుకునే రిబేటు కూడా మనకు వర్తించదు.

కోతే తగ్గించుకోవాలంటే రెండు దేశాల ఒప్పందం రేటు వాడుకోవచ్చు: అమెరికాకు వడ్డీ మీద 15 శాతం, యూఏఈకి 12.5, కువైట్‌కు 10. దీనికి అక్కడి పన్ను శాఖ ఇచ్చే నివాస పత్రం, ఆదాయపు పన్ను పోర్టల్‌లో నింపే 10ఎఫ్ ఫారం, పాన్ కావాలి. అమెరికాలో ఆ పత్రం కోసం 8802 ఫారం నింపి, ఫీజు కట్టి, నెలల తరబడి ఎదురుచూడాలి. ఏటా ఇదే తంతు. వడ్డీ లక్ష లోపుంటే నేనైతే ఈ దారి పట్టను, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకుంటా. పాన్-ఆధార్ లింకు ఎన్‌ఆర్‌ఐలకు అక్కర్లేదు, అయితే పోర్టల్‌లో మీరు ఎన్‌ఆర్‌ఐ అని మార్చకపోతే పాన్ పనిచేయకుండా పోతుంది, రీఫండు ఆగుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా ఒక విషయం ఉంది, హైదరాబాదు సలహాదారులు దీన్ని పట్టించుకోరు. కౌలు. వరి పొలం కౌలు పుట్లలో మాట్లాడుకున్నా (మన పుట్టి 850 కిలోలు), డబ్బుగా తీసుకున్నా అది వ్యవసాయ ఆదాయమే, ఇక్కడ పన్ను లేదు. పొగాకుకూ, నిమ్మతోటకూ ఇంతే. కాకపోతే మీ మిగతా ఆదాయం మినహాయింపు దాటితే, 5,000కు మించిన వ్యవసాయ ఆదాయాన్ని పన్ను రేటు తేల్చే లెక్కకు కలుపుతారు. అదే పొలాన్ని రొయ్యల చెరువుగా తవ్వి లీజుకిస్తే కథ మారిపోతుంది. చేపలు, రొయ్యల పెంపకం పన్ను లెక్కలో వ్యవసాయం కాదు, ఆ లీజు పన్ను పడే ఆదాయం. ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువు లీజును కూడా ‘కౌలు’ అనే అంటారు కాబట్టి రిటర్నులో రెండూ ఒకే గడిలో పడిపోతుంటాయి. అడంగల్‌లో ఏ పంట ఉందో చూసుకుని రాయండి.

ఇంటి అద్దెకు సంబంధించి చాలామందికి తెలియనిది: ఇంటి యజమాని ఎన్‌ఆర్‌ఐ అయితే, అద్దె ఎంత తక్కువైనా, అద్దెకున్నాయన 31.2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. మాగుంట లేఅవుట్‌లో 12,000 అద్దె కట్టే మనిషికి ఈ సంగతి చెబితే ఇల్లు ఖాళీ చేస్తానంటాడు. చెప్పకపోతే నోటీసు అతనికి వస్తుంది. వెళ్లేముందే ఇల్లు అమ్మానాన్నల పేరిట గిఫ్ట్ డీడ్ చేసేవాళ్లు ఉన్నారు. పనికొచ్చేదే, కానీ తోబుట్టువులున్న ఇంట్లో అది పన్నుతో ఆగే విషయం కాదు.

ఇల్లు, స్థలం అమ్మే ఆలోచన ఉంటే వెళ్లేముందా, వెళ్లాకా అన్నది కాగితం మీద లెక్కేయాల్సిందే. 2009-10లో 20 లక్షలకు కొన్న ఇంటిని 2025-26లో 80 లక్షలకు అమ్మారనుకుందాం. లాభం 60 లక్షలు, ఎన్‌ఆర్‌ఐకి 12.5 శాతం, అంటే 7.5 లక్షలు. రెసిడెంట్‌గా అమ్మితే ధరల సూచీ వాడుకునే అవకాశం ఉంది: 148 నుంచి 376కి పెరిగింది కాబట్టి కొన్న ధర 50.81 లక్షలుగా లెక్క, మిగిలిన 29.19 లక్షల మీద 20 శాతం, 5.84 లక్షలు. సర్‌చార్జీ, సెస్సు వేయకముందే 1.66 లక్షల తేడా. 2024 జులై 23కు ముందు కొన్నవాటికే ఈ ఎంపిక, అదీ రెసిడెంట్లకే.

ఎన్‌ఆర్‌ఐ అమ్మితే కొనేవాళ్లు 1 శాతం కోస్తామనుకుంటారు, అది రెసిడెంట్ల రేటు. మన విషయంలో 12.5 శాతం, పైగా సర్‌చార్జీ, సెస్సు. లాభం ఎంతో తేల్చే సర్టిఫికెట్ చేతిలో లేకపోతే కొనేవాళ్ల ఆడిటర్ భయపడి మొత్తం 80 లక్షల మీద 11.44 లక్షలు కోయిస్తాడు, అసలు పన్ను 8.58 లక్షలే అయినా. తక్కువ కోత సర్టిఫికెట్ కోసం ఫారం 13 ఆన్‌లైన్‌లో పెట్టాలి. అగ్రిమెంటు రాసుకున్న వెంటనే పెట్టండి, రిజిస్ట్రేషన్ వారం ఉందనగా పెడితే లాభం లేదు.

పొలం సంగతి వేరు. మున్సిపాలిటీ హద్దు నుంచి నేరుగా కొలిస్తే, జనాభా లక్ష దాకా ఉన్న ఊరికి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షలుంటే 6 కిలోమీటర్లు దాటిన సాగుభూమి అమ్మినా లాభం మీద పన్ను లేదు. నెల్లూరు, ఒంగోలుకు 6. 2011 లెక్కల ప్రకారం కావలి లక్ష లోపే, కాబట్టి 2. ఎన్‌ఆర్‌ఐ సాగుభూమి కొనకూడదు, వారసత్వంగా రావచ్చు, అమ్మేది ఇక్కడుండే మనవాళ్లకే. ‘ఫామ్ ప్లాట్లు’ అని ఫోన్లు చేసేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

వెళ్లే తేదీ కూడా డబ్బే. పన్ను చట్టానికి రోజుల లెక్క: ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులుంటే రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి ఇక్కడే ఉండి సెప్టెంబరు 28 లోపు వెళ్లిపోతే 181, ఎన్‌ఆర్‌ఐ. 29న వెళ్తే రెసిడెంట్, అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడ తీసుకున్న జీతం కూడా ఇక్కడ చూపించాలి. ఇల్లు అమ్మిన ఏడాదైతే రెసిడెంట్‌గా ఉండటం లాభం, జీతం పెద్దదైతే ఎన్‌ఆర్‌ఐగా ఉండటం లాభం. రెండూ వేసి చూసుకుని టికెట్ తీయండి.

అమెరికా వైపు లెక్క మర్చిపోకూడదు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి పన్ను లేదన్నది ఇక్కడి మాట. అక్కడ పన్ను పడుతుంది, వరి కౌలుకూ పడుతుంది, ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. మీ పేరున్న ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (బయటి దేశాల ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) వేయాలి. నాన్నతో ఉమ్మడిగా ఉన్న పింఛను ఖాతా కూడా అందులోకే వస్తుంది, దాన్నే చాలామంది వదిలేస్తారు. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లకు ప్రతి ఏడాదీ, ఒక్కో ఫండుకు ఒక్కో 8621 ఫారం, పన్ను విధానం కూడా కఠినం. అక్కడ పన్ను రెసిడెంట్ కాకముందే అమ్మేయడం మేలు. షేర్లు నేరుగా కొనుక్కున్నవైతే ఈ బెడద చాలావరకు ఉండదు.

ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఇవేమీ లేవు, వాళ్లకు ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ పూర్తి లాభం. వాళ్లు జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట: ఇండియా ఆదాయం 15 లక్షలు దాటితే, అక్కడ పన్ను లేదు కాబట్టి ఇక్కడ రెసిడెంటుగా లెక్కించే నిబంధన ఉంది.

పీపీఎఫ్ ఉంటే 15 ఏళ్లు నిండేదాకా కట్టుకోవచ్చు, పొడిగింపు లేదు, కొత్తది తెరవకూడదు. నోటు మీద రెండు రూపాయల వడ్డీకి తిప్పే అలవాటు ఉంటే ఎక్కేముందే వసూలు చేసుకోండి. 20,000, ఆపైన నగదు అప్పు తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. పైగా నోటుకు మూడేళ్లే గడువు, పరాయి దేశంలో కూర్చుని దావా నడపడం తేలిక కాదు.

ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ కనీసం ఏడాది ఉంచాలి, లోపు తీస్తే పైసా వడ్డీ రాదు. రూపాయి పడిపోవడం కూడా లెక్కలోకి తీసుకోండి. 2015 మొదట్లో డాలరు 63 దగ్గరుంది, 2025 డిసెంబరుకు 90 దాటింది, ఏడాదికి 3 శాతం పైచిలుకు. 7 శాతం వడ్డీలో అంత పోతే డాలర్లలో మిగిలేది 4 లోపు, అందులో అమెరికా పన్ను. ఇంటికి తిరిగొచ్చి ఇక్కడే ఖర్చుపెట్టే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ సరైనది. మళ్లీ డాలర్లలో కావాల్సిన డబ్బుకు డాలర్లలోనే ఉండే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ మేలు, 1 నుంచి 5 ఏళ్లు.

రోజువారీగా విసిగించేది ఓటీపీ. 90 రోజులు వాడకపోతే సిమ్ పోవచ్చు, ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది, పాన్, పీఎఫ్, ఆధార్ అన్నీ దానికే కట్టి ఉంటాయి. రోమింగ్ ఉన్న చిన్న ప్లాను నడుపుకోండి. పీఎఫ్ ఖాతా వివరాలు, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) వెళ్లేముందే సరిచేయించుకోవాలి, తర్వాత ఆ పోర్టల్‌తో యుద్ధమే. పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడుండగా సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయిస్తే పూటలో పని అయిపోతుంది. బయట చేయించి పంపితే, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటిన కాగితాలతో పొలం గట్ల మీద ఎంతమంది తండ్రులు తిరుగుతున్నారో లెక్కలేదు.

తిరిగొచ్చేసిన రోజే ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మినహాయింపు ఆగిపోతుంది, బ్యాంకు ఖాతా పేరు మార్చకపోయినా సరే. ఎఫ్‌సీఎన్‌ఆర్ మాత్రం గడువు దాకా ఉంచుకోవచ్చు. వచ్చిన వారంలోనే బ్రాంచికి వెళ్లి, ఆ రోజు దాకా వచ్చిన వడ్డీ ఎంతో విడిగా రాసిచ్చే సర్టిఫికెట్ తీసుకోండి. మార్చి ఆఖర్లో అడిగితే మొత్తం ఏడాది వడ్డీ కలిపేసి ఇస్తారు, దాన్ని విడగొట్టే పని మీ మీదే పడుతుంది.