మూడు లాంతర్ల దగ్గర బైండింగ్ షాపు, పని బాగుంది
విజయనగరం మూడు లాంతర్ల దగ్గర సందులో చిన్న జెరాక్స్, బైండింగ్ షాపు ఉంది. స్టీఫెన్ హిస్లాప్ జీవితం మీద పాత పుస్తకం పీడీఎఫ్ దొరికితే మా నాన్నగారి కోసం అక్కడే ప్రింట్ తీయించాను, ఆయన జియాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యారు, హిస్లాప్ అంటే ప్రాణం. స్కాట్లాండ్ నుంచి నాగపూర్ వచ్చిన పాదిరి, బడి పెట్టి పిల్లలకి చదువు చెప్తూనే చుట్టుపక్కల రాళ్లలో శిలాజాలు వెతికాడు, హిస్లోపైట్ అనే ఖనిజానికి ఈయన పేరే. 1863లో రాత్రిపూట వాగు దాటుతూ మునిగిపోయాడు, 46 ఏళ్లు కూడా నిండలేదు పాపం. నాగపూర్‌లో 1883లో మొదలైన కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

ఇంక పని సంగతి, దారంతో కుట్టి గట్టి అట్ట వేశారు, కుట్టులోకి ఒక్క అక్షరం పోలేదు, మ్యాప్ పేజీని కట్ చేయకుండా మడతపెట్టి విడిగా అతికించారు, నేను అడగనేలేదు. రెండ్రోజులన్నారు గానీ నాలుగు పట్టింది, రెండు పేజీలు తలకిందులుగా వస్తే మళ్లీ డబ్బులు తీసుకోకుండా సరిచేశారు. నాన్నగారు రాత్రి పదకొండు దాకా లైటు తీయనివ్వలేదు. సాయంత్రం రష్ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.