మారియో పాటపై మా ఇంటి తగవు: నాలుగేళ్లుగా మెసెన్ ఎమ్యులేటర్ వాడిన అనుభవం

తెనాలిలో 1990లలో మా ఇంట్లో ఉన్న టీవీ గేమ్‌లో సూపర్ మారియో మొదటి దశ పాట నిదానంగా, సన్నగా, ముక్కుతో పాడినట్టు వినిపించేదని నేనూ మా తమ్ముడూ ఎప్పుడూ చెప్పేవాళ్లం. న్యూజెర్సీలో పెరిగిన మా పెదనాన్నగారి అబ్బాయి మాత్రం ఆ పాట చురుగ్గా, గుండ్రటి గొంతుతో సాగుతుందనీ, మేమే తప్పుగా గుర్తుపెట్టుకున్నామనీ వాదించేవాడు. ఇంటర్నెట్‌లో నేను విన్న రికార్డింగులన్నీ అతని వైపే సాక్ష్యం చెప్పాయి. ఈ తగవు తేల్చుకోవడానికే నాలుగేళ్ల క్రితం మెసెన్ అనే ఉచిత ఎమ్యులేటర్‌ను, అంటే పాత ఆట యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌ను, కంప్యూటర్‌లో వేసుకున్నాను. అటక మీద నుంచి దించి బాగు చేయించిన మా పాత టీవీ గేమ్‌ను పక్కన పెట్టుకుని, రెండింటినీ పోల్చి వింటూ వచ్చాను.

మా టీవీ గేమ్, నింటెండో సంస్థ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనే ఆట యంత్రానికి నకలు. అసలు ఫామికామ్‌లో ధ్వనిని పుట్టించేది రికో 2ఏ03 అనే చిప్. దానిలో ఐదు చానెళ్లు, అంటే విడివిడి ధ్వని మార్గాలు, ఉంటాయి: రెండు పల్స్ తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక నాయిస్, చిన్న రికార్డు ముక్కలను వినిపించే మరొకటి. పల్స్ తరంగం ప్రతి ఆవృత్తిలో ఎంత భాగం పై స్థాయిలో నిలుస్తుందన్న దాన్ని బట్టి దాని గొంతు మారుతుంది. సగం సేపు, అంటే 50 శాతం నిలిస్తే ధ్వని బోలుగా, గుండ్రంగా ఉంటుంది. 25 శాతమే నిలిస్తే సన్నాయిని తలపించే పదును వస్తుంది. కోజీ కోండో కూర్చిన మారియో పాట ప్రధానంగా 50 శాతం తరంగంతో నడుస్తుంది. అయితే నకలు యంత్రాల కోసం తయారైన కొన్ని చిప్‌లలో ఈ 25, 50 అమరికలు ఒకదాని స్థానంలో మరొకటి పడ్డాయి. మెసెన్ ధ్వని అమరికలలో ఈ తారుమారును అనుకరించే గడి ఒకటి ఉంది. నేను దాన్ని ఎంచుకున్న క్షణంలో, పాట మధ్యలోనే గొంతు మారి, పక్కనున్న పాత యంత్రం గొంతుతో కలిసిపోయింది. మూడు దశాబ్దాలుగా అబద్ధమనిపించుకున్న ఆ ముక్కు గొంతును మళ్లీ విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇక వేగం సంగతి. ఈ ఆటలలో సంగీతం సాధారణంగా తెరపై బొమ్మ మారే లెక్కతోనే ముందుకు సాగుతుంది. అమెరికా, జపాన్ టీవీలలో అది సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది; మన పాల్ పద్ధతి టీవీలలో 50 సార్లే. అందువల్ల అక్కడ ఒక నిమిషం పట్టే పాట మా యంత్రంలో 72 సెకన్లు పడుతుంది. ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో కొలిస్తే ఈ లెక్క సరిగ్గా కుదిరింది. మెసెన్‌లో ఈ తేడా కోసం యంత్రపు రకాన్ని ‘డెండీ’ అని మార్చుకోవాలి; అది రష్యాలో అమ్ముడైన నకలు యంత్రం పేరు. ‘పాల్’ అన్న అమరికను ఎంచుకుంటే మాత్రం ఐరోపాలో అమ్మిన అసలు యంత్రపు లెక్క వస్తుంది. ఈ తేడా తెలియక నేను మొదటి నెలంతా తప్పుడు శ్రుతినే విన్నాను.

ఇక్కడే నా జ్ఞాపకం ఒకటి ఓడిపోయింది. మా యంత్రంలో పాట నిదానమే కాక, శ్రుతి కూడా బాగా దిగి ఉండేదని నేను గట్టిగా నమ్మాను. ఐరోపా యంత్రంలో ప్రాసెసర్ గడియారం 1.66 మెగాహెర్ట్జ్ కాబట్టి, ఆ యంత్రానికి తగ్గట్టు సవరించని ఆటలలో శ్రుతి ఒక అరస్వరానికి పైగా పడిపోతుంది. డెండీ తరహా యంత్రాలలో అది 1.77, అమెరికా యంత్రంలో 1.79, ఈ రెండింటి శ్రుతి భేదం చెవికి దాదాపు అందనిది. మా పాత యంత్రమూ ఇదే చెప్పింది. పాట నెమ్మదించడం వల్లనే స్వరం కూడా దిగినట్టు నా మనసు దాచుకుందని ఇప్పుడు అనుకుంటున్నాను.

పాటలో అక్కడక్కడ ఖాళీలు ఉండేవన్న నా మాటను మాత్రం తమ్ముడు కూడా ఒప్పుకునేవాడు కాదు. దానికి సమాధానం ఒక్కో చానెల్ ధ్వనిని విడిగా తగ్గించే మీటల దగ్గర దొరికింది. మారియో ఎగిరినప్పుడు ఆ ధ్వని తోడు స్వరం పలికే పల్స్ చానెల్‌ను లాక్కుంటుంది. నాణెం తీసుకున్నప్పుడు ప్రధాన స్వరం పలికే చానెల్ ఆ పనికి పోతుంది. ఆట ఎప్పుడూ తమ్ముడిదే, చూస్తూ కూర్చోవడం నా వంతు. కనపడిన ప్రతి నాణేన్నీ వదలకుండా పట్టుకునే అతని ఆటలో పాట ముక్కలు ముక్కలుగానే నా చెవిన పడింది. మారియోను ఒకే చోట నిలబెట్టి వింటే పాటలో ఎక్కడా ఖాళీ లేదు.

మెసెన్ నాకు ఇవ్వలేకపోయినది ఒక్కటే: ఆనాటి టీవీ స్పీకరు. మెసెన్‌లోని ఈక్వలైజర్‌తో మంద్ర స్వరాలను బాగా తగ్గించి, మధ్యస్థాయిని కొంచెం పెంచితే దగ్గరదాకా వస్తుంది గానీ, టీవీలో చానెల్ సరిగ్గా పట్టనప్పుడు పాట కింద సన్నగా వినిపించే గుర్రుమనే చప్పుడు రాదు. నకలు యంత్రంతో పెరిగినవారు మెసెన్‌ను వాడదలిస్తే, డెండీ రకాన్నీ, తారుమారు గడినీ రెండింటినీ ఎంచుకున్న తరువాతే వినాలి; ఆట మొదలైనప్పుడు నాకు దానంతట అది వినిపించినది మా అన్నయ్య న్యూజెర్సీలో విన్న పాటే.