కౌంటరు వెనక కోపానికి పనికొచ్చిన క్లాసు, దిండ్లు తప్ప

మాది విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర మందుల షాపు. ఓపీ వదిలారంటే కౌంటరు మీద చీటీలే చీటీలు. ఆ టైములో నా నోరెలా ఉంటుందో మా కుర్రాళ్లనడిగితే చెప్తారు. ఎంవీపీ కాలనీలో కోపం అదుపులో పెట్టుకోవడం నేర్పే ఆదివారం క్లాసు సంగతి చెప్పింది మా ఆడపడుచు. "చేరు వదినా, నీకైతే డబ్బు దండగ కాదు" అంది. సలహానో ఎత్తిపొడుపో తెలీలేదు గానీ చేరాను. నాలుగు ఆదివారాలకి 2,500.

నేర్పే మేడం ఉపన్యాసాలివ్వరు. కోపం వచ్చాక ఏం చెయ్యాలన్నది ఆఖర్న చూద్దాం, రాకముందు ఏం జరుగుతోందో ముందు చూద్దాం అన్నారు. 1998లో జేమ్స్ గ్రాస్ అనే అమెరికా సైకాలజిస్టు ఇదంతా వరసగా పేర్చి చూపించాడట. ముందు పరిస్థితి, తర్వాత అందులో మన దృష్టి ఎటు పోయింది, దాన్ని మనం ఏమనుకున్నాం, ఆ తర్వాతే ఒళ్లు వేడెక్కడం, నోరు లేవడం. ఆఖరి మెట్టు దాకా వచ్చాక పళ్లు బిగబట్టి ఆపుకుంటే మొహంలో కనపడదేమో గానీ లోపల ఉడుకు ఉడుకే.

ఒళ్లు మండే సందర్భం ఒక్కటి రాయమంటే ఫోన్లో కట్టిన డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్సు గురించి రాశా. శ్రీకాకుళం వైపు నుంచి పేషెంటుని తెచ్చిన ఆయన ఫోన్లో డబ్బు కొడతాడు, బాక్సు పలకదు. "ఏటమ్మా, నా డబ్బులు కట్టయిపోనాయి గదా, మళ్లీ ఏటి అడుగుతావు?" అంటాడు. నాకు పడలేదంటాను. వెనక జనం తోసుకుంటుంటారు. మేడం అది చదివి, "ఆ డబ్బు గురించేనా మీ కోపం?" అన్నారు. కాదు. ఈ గొడవలో పడి వెనకాయనకి 25 ఎంజీ బదులు 50 ఎంజీ ఇచ్చేస్తానేమోనని భయం. అది తేలాక ఏం మార్చాలో దానంతటదే తెలిసింది. బిల్లింగ్ మిషను పక్కనుండే బాక్సుని కౌంటరు చివరికి తెచ్చి జనం వైపు తిప్పాం. పలకకపోతే ఆ మనిషితో మా కుర్రాడు పక్కకెళ్లి ఫోన్లో చూసుకుంటాడు. నేను చీటీ మీంచి తల ఎత్తను. గొడవలు ఇప్పటికీ అవుతాయి, నా దాకా రావు.

ఊపిరి నెమ్మదిగా, తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదలడం కూడా నేర్పారు. రాత్రి మంచం మీద బానే పనిచేస్తుంది. పదిమంది చేతులు చాపిన కౌంటరు దగ్గర కుదిరే పని కాదు.

ఇక బాగోలేనివి. మూడో వారం వేరే ఆయనొచ్చి, మనకి కోపం తెప్పించినవాళ్లని తలుచుకుంటూ దిండ్లు కొట్టమన్నారు. స్టీల్ ప్లాంటులో రిటైరైన బాబాయిగారు నాలుగు గుద్దులు గుద్ది, "అమ్మా, నాకిప్పుడే మొదలైంది కోపం" అన్నారు. ఆయన చెప్పిందే నిజం. 2002లో బుష్‌మన్ అనే పరిశోధకుడు ఇదే చేసి చూశాడు. కోపం తెప్పించినవాణ్ణి తలుచుకుంటూ బస్తాని గుద్దినవాళ్ల కోపమే ఎక్కువైంది, ఊరికే కూర్చున్నవాళ్లది తక్కువుంది. డబ్బు తీసుకుని నేర్పేవాళ్లకి ఇది తెలియాలి కదా.

ఈక్యూ పరీక్ష, అంటే మన భావాల్నీ ఎదుటివాళ్ల భావాల్నీ ఎంత బాగా అర్థం చేసుకుంటామో కొలిచేది, ఇంకో వేషం. మన గురించి మనమే టిక్కులు పెట్టుకోవాలి. నాకు నూటికి 82 వచ్చింది, ఆ కాగితం చూసి మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. 1990లో సాలొవే, మేయర్ అనే సైకాలజిస్టులు ఈ ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌ని ఒక సామర్థ్యమని రాశారు. వంట వచ్చో రాదో వండించి చూస్తారు గానీ వండినవాళ్లనే మార్కులు వేసుకోమంటారా? పైగా కోర్సు అయిన దగ్గర్నుంచి అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చేరమని వాట్సాప్‌లో ఒకటే పోరు.

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. నిద్ర పట్టనివాళ్లు, బతకాలని లేనివాళ్లు దీని మీద ఆధారపడొద్దని, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్లమని, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యమని మొదటి రోజే చెప్పారు. ఆ నంబరుకి ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

అయిదుకి మూడున్నర ఇస్తా. షాపులు, స్కూళ్లు, బ్యాంకు కౌంటర్లలో పనిచేసేవాళ్లు చేరొచ్చు. మేడం వచ్చే వారాలేవో ముందే కనుక్కోండి. ఆదివారం పొద్దున రైతుబజారు వైపు బండి పెట్టడానికి చోటుండదు, ఆటోలో రండి.