అమ్మ నాలుగు నెలలుగా ఉంటున్న సీనియర్ లివింగ్: టేపు పెట్టి కొలిచి రాసిన రివ్యూ

ఈ సీనియర్ లివింగ్ (పెద్దవాళ్ళ కోసం కట్టిన వసతి) పేరు రాయను. అమ్మ ఇంకా అక్కడే ఉంటోంది, పైగా అక్కడి ఆయాలతో నాకే పేచీ లేదు. హైదరాబాద్ శివార్లలో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక మూడంతస్తుల బిల్డింగు, ఒక్కొక్కరికీ ఒక గది, చిన్న వంటగట్టు. అమ్మకి 76 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. నాన్న పోయాక తెనాలిలో ఒక్కతే ఉండలేక, నా ఎనిమిదో అంతస్తు ఫ్లాట్లో ఊపిరాడక, తనే "ఏదైనా చోటు చూడరా" అంది.

బాత్రూమ్‌కి మాత్రం పూర్తి మార్కులు. ఇంతకుముందు చూసిన చోట్ల టవల్ రాడ్‌నే చూపించి పట్టుకోడానికి అన్నారు, ఇక్కడ కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకి గట్టిగా బిగించిన స్టీలు రాడ్లున్నాయి. నా 82 కిలోల బరువూ వేసి వేలాడి చూశాను, కదల్లేదు (చూపిస్తున్న అమ్మాయి కంగారుపడింది, అది వేరే సంగతి). టైల్స్ గరుకు, కమోడ్ కాస్త ఎత్తు, వేళ్ళు పట్టేసినా తెరవగలిగేలా కుళాయిలకి పొడవాటి లివర్లు. తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ మనిషే అడ్డమైపోతారట, ఇన్నేళ్ళలో నాకు తట్టనే లేదు. రాత్రి మంచం దిగి కాలు కింద పెట్టగానే బాత్రూమ్ దాకా చిన్న లైట్లు వెలుగుతాయి.

అదే బాత్రూమ్‌లో ఎమర్జెన్సీ తాడు ఉంది, లాగితే కింద డెస్క్‌లో బెల్లు మోగుతుంది. నేల దాకా వేలాడాల్సిన ఆ తాడుని, తుడిచేటప్పుడు తడుస్తోందని ముడేసి నడుమెత్తుకి కట్టేశారు. పడిపోయిన మనిషికి అది అందేదెలా? విప్పించాను, వారం తర్వాత వెళ్తే మళ్ళీ ముడి. మూడోసారి మేనేజర్‌ని లోపలికి తీసుకెళ్ళి, నేల మీద కూర్చుని అందుకోమన్నాను. అప్పట్నుంచి కట్టట్లేదు.

ముందు గేటు దగ్గర ర్యాంపు కొలిచాను. అడుగున్నర ఎత్తుకి పొడవు తొమ్మిదడుగులే. కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వాలు 1:12కి మించకూడదు (అడుగు ఎత్తుకి కనీసం పన్నెండడుగుల పొడవు), అంటే ఇక్కడ కనీసం పద్దెనిమిది అడుగులు కావాలి. ఆయా వీల్‌చెయిర్‌ని ఆయాసపడుతూ తోస్తుంటే కొలవకుండానే తెలుస్తుంది. లాబీలో అద్దంలాంటి గ్రానైటు, పైన షాండ్లియరు! అది మాలాంటి పిల్లలకి చూపించి డిపాజిట్ కట్టించుకోడానికే, పెద్దవాళ్ళు అక్కడ గోడ పట్టుకుని నడుస్తారు.

ఇక "ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది" అని అక్కడివాళ్ళు చెప్పిన మాట సంగతి. కారిడార్లో తలుపులన్నీ ఒకే తెలుపు, అంకెలేమో చిన్నవి, మొదటి వారంలో అమ్మ రెండుసార్లు పక్కావిడ గది తలుపు కొట్టింది. తట్టుకుని పడతారని గడపలు తీసేశారు, మంచిదే, కానీ గడప లేని గుమ్మం అమ్మకి మింగుడు పడలేదు. నేల మీదే పసుపు గీత గీసి ముగ్గేసింది. హౌస్‌కీపింగ్‌వాళ్ళు తుడిచేశారు, మళ్ళీ వేసింది, అలా పది రోజులు. చివరికి మేనేజరే పెయింటుతో వేయించుకోమన్నారు. ఇప్పుడు ఆ వరసలో నాలుగు తలుపుల ముందు ముగ్గులున్నాయి, ఎవరూ గది తప్పట్లేదు.

తెగని గొడవ కాఫీది. అమ్మ యాభై ఏళ్ళుగా తెల్లవారుజామున ఐదింటికి కాఫీ తాగుతుంది, వీళ్ళ వంటిల్లు ఆరున్నరకి తెరుస్తారు. గదిలో వంటగట్టు ఉంది కదా అంటే, స్టవ్ భద్రత కాదని తీసేశారట. దానంతట అదే ఆగిపోయే కెటిల్ ఇవ్వమని రాసిచ్చి రెండు నెలలైంది. ప్రస్తుతానికి రాత్రి ఫ్లాస్కులో పోసిన కాఫీయే తాగుతోంది, దాని రుచి గురించి రోజూ నాకు ఫోన్లో చెబుతోంది.

భోజనం బాగుంది, ఉప్పు తగ్గించినా పప్పుచారు పప్పుచారులాగే ఉంటుంది. నెలకి 36 వేలు, నర్సు విడిగా. ఐదుకి మూడున్నర ఇస్తున్నాను, కెటిల్ వస్తే నాలుగు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం కాకుండా రాత్రి ఎనిమిది దాటాక వెళ్ళండి, మెట్ల దగ్గర లైటెంత ఉందో, బెల్లు కొడితే ఎన్ని నిమిషాలకి వస్తారో అప్పుడే తెలుస్తుంది. మాకు నాలుగు నిమిషాలు పట్టింది.