స్పాడ్ 13 మోడల్ కిట్: అచ్చు అదిరింది, గుర్తుల దగ్గరే బోల్తా

మూడు వారాలుగా టేబుల్ ఖాళీ చెయ్యని స్పాడ్ 13, అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానం మోడల్, నిన్న రాత్రికి పూర్తయింది. 1/48 స్కేల్ (అసలు విమానంలో 48వ వంతు), రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 17 సెంటీమీటర్లు. ప్లాస్టిక్‌కి వంక పెట్టలేం, భాగాలు టక్కున కూర్చుంటాయి.

ఇంజన్ దగ్గర మాత్రం నేను కావాలనే ఆగిపోయాను. ఈ విమానం ఫ్రెంచ్ వాళ్లది, కానీ ఇంజన్ స్విట్జర్లాండ్ ఇంజనీర్ మార్క్ బిర్కిట్ గీసిన హిస్పానో-సూయిజా, అది పుట్టిన కంపెనీ బార్సిలోనాది, ముందున్న రెండు విక్కర్స్ గన్లు బ్రిటిష్ డిజైన్. మన పైలట్ ఇంద్రలాల్ రాయ్ 1918 జులైలో పది విజయాలు (శత్రు విమానాల మీద గెలుపులు) కొట్టిన బ్రిటిష్ ఫైటర్ ఎస్.ఇ.5ఎ లో ఉన్నది కూడా ఈ కుటుంబం ఇంజనే. గేర్లు ఊరికే పాడయ్యేవి, ఆ తలనొప్పిని కూడా మిత్రదేశాలు పంచుకున్నాయన్నమాట!

రెక్కల మధ్య తీగలు కట్టడం పెద్ద టెన్షన్. మధ్యలో ఉన్న సన్నటి స్తంభాలు నిజం విమానంలో తీగలు అదరకుండా పట్టి ఉంచడానికి పెట్టినవి. సూచనల కాగితంలో ఆ ముక్క రాసి ఉంటే తీగ ఎక్కడ ముడెయ్యాలో నాకు మొదటిరోజే అర్థమయ్యేది, రెండుసార్లు పీకి మళ్లీ కట్టాను.

అసలు కోపం డెకాల్స్ మీద, అంటే మోడల్ మీద అంటించే గుర్తుల మీద. నేను కట్టింది అమెరికన్ విమానంగా. 1917 ఏప్రిల్‌లో యుద్ధంలోకి దిగినప్పుడు ఫ్రంట్‌కి పంపదగ్గ ఫైటర్ అమెరికా దగ్గర ఒక్కటీ లేదు. వాళ్ల 94వ స్క్వాడ్రన్ ముందు నియుపోర్ట్ 28 ఎక్కింది, అదీ ఫ్రెంచ్‌దే, డైవ్ చేస్తే పై రెక్క గుడ్డ ఊడిపోయేది. 1918 జులైలో స్పాడ్‌లకి మారారు, ఆ స్క్వాడ్రన్ పైలట్ రికెన్‌బాకర్ 26 విజయాలతో యుద్ధం ముగించాడు. అరువు విమానం కాబట్టి అది ఎవరిదో చెప్పేది ఆ గుండ్రటి గుర్తే: ఫ్రెంచ్‌వాళ్లకి బయట ఎరుపు, మధ్యలో తెలుపు, లోపల నీలం, అమెరికన్లకి బయట ఎరుపు, తర్వాత నీలం, నడుమ తెలుపు. ఈ కిట్‌లో 94వ స్క్వాడ్రన్ చిహ్నమైన, వలయంలోంచి దూరే టోపీ బొమ్మ ముద్దుగా వేసి, రెక్కల మీదికి మాత్రం ఫ్రెంచ్ వరసే అచ్చేశారు! మెయిల్ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు.

చివరికి వృత్తలేఖినితో గీసి ఆరు గుర్తులకీ నేనే రంగు వేశాను. కొనేవాళ్లు ఫ్రెంచ్ గుర్తులతో కట్టుకుంటే ఈ గొడవ ఉండదు. అమెరికన్‌దే కావాలంటే సన్న బ్రష్ ఒకటి ముందే తెచ్చిపెట్టుకోండి. ఐదుకి మూడున్నర.