పిల్లలతో జియోకాషింగ్: ఫోను చాలా, చేతి జీపీఎస్ కొనాలా? ఏది మేలు?

"వదినా, ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా, మళ్లీ ఇంకోటి దేనికి?" ఒంగోలు నుంచి మా ఆడపడుచు అడిగిన ప్రశ్న ఇది. నెల్లూరులో మాతోపాటు పిల్లల్ని వెంటేసుకుని జియోకాషింగ్‌కి వద్దామనుకునే వాళ్లంతా ఇదే అడుగుతున్నారు. అందుకే తనకు చెప్పిందే ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన చిన్న పెట్టెను, వాళ్లిచ్చిన అక్షాంశ రేఖాంశాల అంకెలు పట్టుకుని జీపీఎస్‌తో వెతికే ఆట. తెర మీద బాణం పెట్టె ఎటువైపు ఉందో చూపిస్తుంది, పక్కన అంకె ఇంకెన్ని మీటర్లో చెబుతుంది. చేతి జీపీఎస్ అంటే ఈ దారి చూపే పని కోసమే చేసిన, చేతిలో పట్టే చిన్న పరికరం.

ముందు అందరూ వాదించుకునే సంగతి, కచ్చితత్వం. తలెత్తితే ఆకాశమంతా కనిపించే చోట, మైపాడు ఇసుకలోనో పెన్న ఒడ్డునో, ఈమధ్య వచ్చిన మంచి ఫోనుకీ చేతి జీపీఎస్‌కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ సుమారు మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చూపిస్తాయి. ఉపగ్రహాల సిగ్నల్‌ను రెండు రేడియో ఫ్రీక్వెన్సీల్లో అందుకునే ఫోనైతే పాత చేతి జీపీఎస్ కంటే మెరుగనే చెప్పాలి. కొన్ని ఫోన్లు జీపీఎస్ లాగే చోటు చెప్పే మన దేశపు నావిక్ ఉపగ్రహాలను కూడా పట్టుకుంటాయి. వాటిలో మొదటిది 2013 జులై 1 రాత్రి శ్రీహరికోట నుంచే ఎగిరింది. మిద్దె ఎక్కి రాకెట్లు చూసే మన పిల్లలకు, చేతిలో ఉన్న బాణానికి దారి చెప్పే వాటిలో అవీ ఉన్నాయని చెప్పి చూడండి, వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

భైరవకోన లాంటి చోట మాత్రం ఏ పరికరమైనా తడబడుతుంది. ఇరుకైన కోన, పక్కన నిలువు బండలు. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ బండకు తగిలి చుట్టుతిరిగి వస్తే, మనం ఉన్న చోటు లెక్క తప్పుతుంది. అక్కడ బాణాన్ని పక్కన పెట్టి కళ్లతో వెతుక్కోవాల్సిందే. అందుకే కచ్చితత్వం చూసి ఏది కొనాలో తేల్చుకోవడం నాకు సరిగ్గా అనిపించదు.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: దాన్ని పిల్లల చేతిలో పెట్టగలమా?

ఫోను మన ప్రాణం. బ్యాంకు యాప్‌లు అందులోనే, ఆఫీసు వాట్సాప్ అందులోనే. ఎనిమిదేళ్ల పిల్ల చేతికిచ్చి "నువ్వు ముందు నడువమ్మా" అనడానికి మనసొప్పదు. ఇచ్చినా "పడేస్తావు, జాగ్రత్త" అంటూ వెనకే ఉంటాం. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు, తీసేసుకుంటాం. ఇంతకీ జరిగేదేంటంటే నాన్న తెర చూసుకుంటూ ముందు నడుస్తుంటాడు, పిల్లలు వెనక "ఇంకెంత దూరం?" అని అడుగుతుంటారు. ఆట పెద్దవాళ్లదైపోతుంది. మరో గంటకు పిల్లలు ఇంటికి పోదామంటారు.

గార్మిన్ కంపెనీ ఈట్రెక్స్ లాంటి చిన్న చేతి జీపీఎస్ అయితే మెడలో తాడుకు వేలాడదీసి వాళ్లకే అప్పజెప్పొచ్చు. టచ్ స్క్రీన్ కాదు, గుండీలు. చెమట చేతులైనా ఇసుక చేతులైనా పనిచేస్తాయి. కింద పడితే దులిపి మళ్లీ ఇచ్చేస్తాం. నీళ్లలో పడినా మీటరు లోతులో అరగంట దాకా తట్టుకునేలా చేస్తారు. మా చిన్నది సరుగుడు తోపులో దాన్ని రెండు చేతులా పట్టుకుని అంకెలు పైకి చదువుతుంది: "నలభై ఎనిమిది... నలభై ఒకటి... అయ్యో, నలభై ఐదు. పెరుగుతోంది, అందరూ వెనక్కి రండి!" అందరం వెనక్కి వస్తాం. బడిలో నోరు విప్పని పిల్ల మమ్మల్నందర్నీ నడిపిస్తుంటే చూడాలి. జీపీఎస్‌కి పెట్టిన డబ్బు నాకు అక్కడే తీరిపోయింది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. సంక్రాంతి సెలవుల్లో అయినా పదకొండు దాటితే ఇసుకలో ఫోన్ తెర కనిపించదు. వేడెక్కిందంటే వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది. ఈట్రెక్స్ నలుపు తెలుపు తెర మీద ఎండ ఎంత పడితే అంకెలు అంత స్పష్టంగా కనిపిస్తాయి. ఇక బ్యాటరీ. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే పాత మోడల్ ఈట్రెక్స్ 10 ఇరవై గంటల దాకా వస్తుంది. కొత్త ఈట్రెక్స్ ఎస్‌ఈకి కంపెనీ చెప్పే లెక్క 168 గంటలు. అయిపోతే ఉదయగిరిలోనో కనిగిరిలోనో ఏ చిన్న అంగట్లోనైనా సెల్స్ దొరుకుతాయి. పొద్దున్నుంచీ తెర వెలుగుతూ ఉన్న ఫోను మధ్యాహ్నానికే పవర్ బ్యాంకు అడుగుతుంది.

అలాగని ఫోను వద్దనను. మొదలుపెట్టాల్సింది దాంతోనే. పైసా ఖర్చు లేదు. పెట్టె వివరాలు, క్లూలు, ఫొటోలు అన్నీ అందులోనే చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ అయితే సి:జియో యాప్ ఉచితం. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు గానీ మ్యాప్‌కి కావాలి, కాబట్టి బయల్దేరే ముందే ఇంట్లో వైఫై మీద మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఒకటి రెండు ఆదివారాలు తిరిగి చూడండి. పిల్లలు "మళ్లీ ఎప్పుడు?" అంటే అప్పుడు కొనండి.

మన నెల్లూరు, ఒంగోలు వైపు పెట్టెలు బాగా తక్కువ. చెన్నై, బెంగళూరు వైపు వెళ్తే ఎక్కువ దొరుకుతాయి. అందుకని ఇక్కడ తెలిసిన కుటుంబాలు ఒకరి కోసం ఒకరు దాచుకోవడమే ఎక్కువ. చేతి జీపీఎస్ ఇంకా బాగా పనికొచ్చేది ఇక్కడే. దాచిన చోట కాసేపు కదలకుండా పెడితే చాలా రీడింగులు తీసుకుని సగటు లెక్కగట్టి ఇస్తుంది. (జియోకాషింగ్ వెబ్‌సైట్‌లో అందరి కోసం నమోదు చేయాలంటే పెట్టెకీ పెట్టెకీ కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి, స్థలం వాళ్ల అనుమతి కావాలి. పాత కోటల్లో, గుళ్లలో రాళ్ల సందుల్లో ఏదీ దాచకండి.)

పెట్టె ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. జియోకాషింగ్‌లో డిగ్రీలు, నిమిషాలు వాడతారు. గూగుల్ మ్యాప్స్ మామూలుగా ఒట్టి డిగ్రీలు చూపిస్తుంది. 14 డిగ్రీల 26.500 నిమిషాలను ఫోన్‌లో 14.26500 అని కొట్టారనుకోండి, నెల్లూరులో ఉన్న పెట్టె కోసం దాదాపు 20 కిలోమీటర్లు దక్షిణానికి, వెంకటాచలం దాటి పోతారు. సరైన అంకె 14.44167. చేతి జీపీఎస్ సెట్టింగ్స్‌లో డిగ్రీలు-నిమిషాలు ఒకసారి పెట్టేస్తే ఇక ఆ టెన్షన్ ఉండదు.

జీపీఎస్ వాచీలు పరుగెత్తే వాళ్లకు బాగుంటాయి, చిన్న తెర మీద నలుగురూ చూడలేరు. కారు జీపీఎస్ రోడ్డు దాకే. ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసేజ్ పంపే పరికరాల జోలికి మాత్రం అసలు పోకండి. మన దేశంలో అనుమతి లేకుండా అవి దగ్గర ఉంచుకోవడం నేరం. విదేశాల నుంచి బంధువులు తెస్తామన్నా వద్దని చెప్పండి.

రంగుల తెర, లోపల మ్యాపులు, ఎత్తు కొలిచే బారోమీటరు ఉన్న ఖరీదైన మోడళ్లు మొదటిసారికి అక్కర్లేదు. కొత్తది కొనేటట్టయితే నా ఓటు ఈట్రెక్స్ ఎస్‌ఈకే. అందులో దిక్సూచి ఉంది, నిలబడి చూసినా బాణం సరిగ్గా ఉంటుంది. ఈట్రెక్స్ 10లో అది లేదు. ఆగితే బాణం ఎటో తిరుగుతుంది, నాలుగడుగులు వేస్తేగానీ కుదురుకోదు. అడుగడుక్కీ ఆగే చిన్నపిల్లలకు అది విసుగు. పదేళ్లు దాటిన వాళ్లకైతే సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే 10 చాలు. కొనేటప్పుడు వెనక మూత తీసి సెల్స్ పెట్టే చోట తుప్పు ఉందేమో చూడండి. కేబుల్ పెట్టే చోట రబ్బరు మూత ఊడిపోయి ఉంటే తీసుకోకండి, నీళ్లు చేరేది అక్కడి నుంచే.